పసుపుకొమ్మును రాచపుండును

ఒక వస్తువు మేలైనదని నమ్ముట వేరు. అది యీ రోగమును, ఇంత మోతాదులో, ఈ విధముగా మాన్పునని యెఱుగుట వేరు. మొదటిది ఆచారమువలనను, పెద్దల మాటవలనను, అభిమానమువలనను కలుగును. రెండవది పరీక్షవలననే కలుగును. ఈ రెంటి నడుమనుండు దూరమును మఱచినచో ఒక్కొక్కప్పుడు ప్రాణములకే హాని వాటిల్లును. ఇందులకు మన పోపులపెట్టెలోనుండు పసుపు చరిత్రకంటె మంచి నిదర్శనము దొరకదు. పసుపు కాన్సరును రానీయదనియు, వచ్చిన కాన్సరును సైతము కుదుర్చుననియు నేడు రచ్చబండలమీదను, మందుల యంగళ్లలోను, చేతిఫోనులలోను వినబడుచున్నది. ఈ మాటలో నిజమెంత, ఆశ యెంత, వ్యాపార మెంతయో కాలక్రమమున విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణను గుంటూరు సీమనుండి మొదలుపెట్టుట సముచితము. తెనాలినుండి విజయవాడకుఁ బోవు రైలుదారిలో దుగ్గిరాల యను నూరు కలదు. పసుపు వర్తకమునకు ఆ యూరు పేరుపొందినది. ఒక పసుపు రకమునకే దుగ్గిరాల యని పేరు వచ్చినది. కృష్ణ కాలువల నీటితో ఆ పరిసరముల రైతులు తొలకరిలో విత్తనపు కొమ్ములు నాటి, సంక్రాంతి దాటిన పిమ్మట త్రవ్వి, ఉడికించి, కళ్లములమీద నెండఁబెట్టి, మెఱుగుపట్టి బజారునకుఁ దెత్తురు. అచ్చటినుండి పడమరకుఁ బోయినచో గుంటూరు మిరపబజారును, దాని కావల పల్నాటి నల్లరేగడి ప్రత్తిచేలును, దక్షిణమునకుఁ బోయినచో ఒంగోలు ప్రాంతపు పొగాకు బ్యారనులును కనబడును. ఒకే మైదానమున పసుపు, మిరప, ప్రత్తి, పొగాకు పండుచున్నవి. కాన్సరు కథలో ఈ పంటలలో మూఁడింటికి పాత్ర కలదు. ఏది మిత్రుఁడో, ఏది శత్రువో, ఏది మన చేతులలో చెడిపోయి శత్రువగుచున్నదో తెలిసికొనుట ఈ సీమవారికి ముఖ్యము.

పసుపు మనకుఁ బ్రాచీనమైనది. చరకసుశ్రుత సంహితలలో హరిద్ర యను పేరున అది ప్రస్తావింపఁబడినది. పుండుమీఁద పట్టువేయుట, జలుబునకుఁ బాలలోఁ గలిపి త్రాగుట, గడపకుఁ బూయుట, మంగళసూత్రపు త్రాటికిఁ బట్టించుట మొదలగు వాడుకలతో అది మన గృహజీవనమంతట వ్యాపించినది. ఇందువలన దానిపై గౌరవ ముండుట సహజము. కాని ప్రాచీనత యొక్కటియే గుణమునకు ప్రమాణము కాజాలదు. గుంటూరునకు దేశదేశముల కీర్తి తెచ్చిన మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండమునఁ బుట్టి, 16వ శతాబ్దమునఁ బోర్చుగీసువారి యోడలవెంట మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన పూర్వులు మిరియముతోనే కారము సమకూర్చుకొనిరి. పొగాకును ఆ ఖండమునుండియే వచ్చినది. ఒకే దారిని వచ్చిన రెండు క్రొత్త వస్తువులలో నొకటి వంటింటఁ జేరి రుచినిచ్చెను. రెండవది నోటఁ జేరి పుండునిచ్చెను. కావున ప్రాఁతదా, క్రొత్తదా యను ప్రశ్న విడిచి, ఏమి చేయుచున్నదను ప్రశ్న వేయవలెను.

పసుపును గూర్చి యీ ప్రశ్నను రసాయనశాస్త్రము మొదట వేసినది. 1815లో వోగెల్, పెల్లెటియే అనువారు పసుపునుండి దాని వన్నెకుఁ గారణమైన పదార్థమును వేఱుపఱచి కర్కుమిన్ అని పేరుపెట్టిరి. 1870లో దానిని స్ఫటికరూపమునఁ బొందిరి. 1910లో మిలొబెంజ్కా, కొస్తనెస్కీ, లాంపే యనువారు దాని యణునిర్మాణమును నిర్ణయించిరి. 1949లో అది కొన్ని సూక్ష్మజీవుల నణఁచునని నేచర్ పత్రికలోఁ బ్రకటితమైనది. ఇచ్చట నొక లెక్క గుర్తుంచుకొనవలెను. ఎండు పసుపులో కర్కుమిన్ సుమారు నూటికి రెండుమొదలు ఐదుపాళ్లు మాత్రమే. కూరలో వేయు చిటికెడు పసుపునుండి మనకు లభించునది స్వల్పాతిస్వల్పము. ఇఁక ముందు చెప్పఁబోవు పరీక్షలలోఁ బెక్కింట వాడినది ఈ చిటికెడు గాక, గ్రాములకొలఁది శుద్ధమైన కర్కుమిన్.

కాన్సరు విషయమునఁ బసుపు పేరు శాస్త్రలోకమునకు గట్టిగా వినిపించినది మన దేశమునుండియే. కేరళములో త్రిశూరునందలి అమల కాన్సరు పరిశోధనకేంద్రమున రామదాసన్ కుట్టన్ గారును వారి సహచరులును 1985లో ఒక పత్రము ప్రకటించిరి. గాజుపాత్రలోని కణములపైనను, ఎలుకలలోని కణితులపైనను పసుపుసారము పనిచేసినదని అందుఁ జూపిరి. 1987లో వారే శరీరముపై బయటకుఁ బుండ్లుపడిన 62 మంది కాన్సరు రోగులకు పసుపుసారమును, కర్కుమిన్ లేపనమును పూసి చూచిరి. నూటికిఁ దొంబదిమందికి దుర్వాసన తగ్గెను. దాదాపందఱికి దురద తగ్గెను. నూటికిఁ బదిమందికి మాత్రము పుండు పరిమాణమును నొప్పియుఁ దగ్గెను. ఆ బాధ యెఱిఁగినవారికి దుర్వాసన తగ్గుటయు గొప్ప యుపశమనమే. కాని యుపశమనము వేరు, నివారణము వేరు. ఆ పత్రము చెప్పినది మొదటిదానిని. జనులు విన్నది రెండవదానిని.

ఇఁక మన హైదరాబాదున జరిగిన పనిని జెప్పవలెను. జాతీయ పోషకాహారసంస్థ 1918లో కూనూరునందు మెకారిసన్ దొరచే మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అచ్చట కమలా కృష్ణస్వామి గారును వారి సహచరులును 1992లో ప్రకటించిన పరిశోధన చిన్నదైనను గమనింపఁదగినది. పొగ త్రాగువారి మూత్రములో, కణములయందలి జన్యుపదార్థమును మార్చఁగల విషములు కనబడును. కాన్సరుకు అట్టి మార్పులే బీజములు. వారు 16 మంది పొగత్రాగువారికి దినమునకు ఒకటిన్నర గ్రాము చొప్పున 30 దినములు పసుపు నిచ్చిరి. ఆ విషముల విసర్జన స్పష్టముగాఁ దగ్గినది. పొగత్రాగని ఆర్గురిలో నేమార్పును లేదు. ఇది శుద్ధమైన కర్కుమిన్ కాదు, వంటింటి పసుపే. మోతాదును ఇంట సాధ్యమైనదే. కావుననే యీ ఫలిత మానందకరము. అయినను ఇది యొక గుర్తును గూర్చిన సమాచారము మాత్రమే. ఆ పదునార్గురిలోఁ గాన్సరు ఎవరికి వచ్చునో, ఎవరికి రాదో ఒక నెల పరీక్ష చెప్పలేదు; చెప్పితిమని ఆ పరిశోధకులును అనలేదు. దీనిని బట్టి “పసుపు తిని చుట్ట కాల్చవచ్చు” నని యెవరైన ననినచో అది శాస్త్రమును వెక్కిరించుటయే.

ఇంతలో మఱియొక సంఘటన జరిగి ప్రజల మనస్సులలో గలిబిలి పుట్టించినది. గాయములు మాన్పుటకుఁ బసుపును వాడు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు 1995లో అమెరికా ప్రభుత్వము పేటెంటు నిచ్చెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనమండలి 1996లో దాని నెదిరించి, ఈ యెఱుక భారతదేశమునఁ బూర్వమునుండి యున్నదని ప్రాచీన గ్రంథములతోడను, అచ్చుపత్రములతోడను నిరూపించెను. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. దేశమంతట సంతోషము వెల్లివిరిసెను. ఆ సంతోషము న్యాయమైనది. కాని చాలమంది దీనిని, పసుపు మహిమను అమెరికా యొప్పుకొన్నట్లుగా అర్థము చేసికొనిరి. ఆ తీర్పు తేల్చినది ఆ జ్ఞానము క్రొత్తది గాదని మాత్రమే. పసుపు ఏ రోగమును ఎంతవఱకుఁ గుదుర్చునను ప్రశ్న ఆ వివాదములోనికే రాలేదు. స్వాభిమానము గెలిచిన చోట వైద్యము గెలిచినదని భ్రమించుట మన బలహీనత.

1990 తరువాత కర్కుమిన్ పరిశోధన వెల్లువయై సాగినది. అమెరికాలో హ్యూస్టను నగరమందలి ఎం.డి. ఆండర్సన్ కాన్సరు కేంద్రము దీనికిఁ బ్రధానస్థానమయ్యెను. అచ్చట భరత్ అగర్వాల్ గారు వ్రాసిన పత్రములు లోకమంతట నుదాహరింపఁబడినవి. అయితే కాలక్రమమున వారి పత్రములలోని చిత్రముల విషయమున సందేహములు లేచి, వివిధ పత్రికలు వారి పత్రములలో ఇరువదికి మించి యుపసంహరించుకొనినవి. 2016లో ఒక్క పత్రికయే యేడింటి నుపసంహరించెను. అంతమాత్రమున కర్కుమిన్ పరిశోధన యంతయు వ్యర్థమని తీర్మానింపరాదు. కాని పునాదిరాళ్లలోఁ గొన్ని కదలినప్పుడు గోడను మఱల పరీక్షించుట వివేకము.

మనుష్యులపై జరిగిన పరీక్షలు ఏమి చెప్పుచున్నవి? 2001లో తైవానులో జరిగిన పరీక్షలో దినమునకు ఎనిమిది గ్రాములవఱకుఁ గర్కుమిన్ ఇచ్చినను రోగులకు విషలక్షణములు కనబడలేదు. 2008లో హ్యూస్టనునందు, ముదిరిన క్లోమగ్రంథి కాన్సరు గల 25 మందిని చేర్చుకొని దినమున కెనిమిది గ్రాము లిచ్చిరి. ఫలితము లెక్కింప వీలైన 21 మందిలో ఇద్దఱియందే ఏదో యొక ప్రభావము కనబడినది. వారిలో నొకరికి తగ్గిన కణితి స్వల్పకాలములోనే మఱల పెరిగినది. పెద్దప్రేగులో వంశపారంపర్యముగా పొక్కులు పుట్టి కాన్సరుగా మారు వ్యాధి యొకటి కలదు. ఆ రోగులు 44 మందితో దినమునకు మూఁడు గ్రాముల చొప్పున పండ్రెండుమాసములు జరిపిన పరీక్షఫలితము 2018లో వెలువడినది. కర్కుమిన్ పుచ్చుకొన్నవారికిని, ఉత్తి మాత్ర పుచ్చుకొన్నవారికిని పొక్కుల సంఖ్యలోఁ గాని, పరిమాణములోఁ గాని భేదము లేదు.

గాజుపాత్రలో నంతటి పరాక్రమము చూపిన వస్తువు శరీరములో నిట్లు చతికిలఁబడుటకుఁ గారణము లేకపోలేదు. కర్కుమిన్ నీటిలోఁ గరగదు; ప్రేగులనుండి రక్తములోనికిఁ జేరునది బహుస్వల్పము; చేరినదానినిఁ గూడ కాలేయము వేగముగా మార్చి పంపివేయును. గాజుపాత్రలోఁ గణములపైఁ బోయునంత గాఢత రక్తమున నెన్నఁడును రాదు. మిరియములోని పైపెరిన్‌తోఁ గలిపి యిచ్చినచో రక్తములోఁ దాని పాలు ఇరువదిరెట్లు హెచ్చినదని 1998లో బెంగుళూరునందలి సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు చూపిరి. కాని లేనిదానికి ఇరువదిరెట్లు హెచ్చినను కొద్దిపాటియే. ఇంతేకాక కర్కుమిన్ తనంతటఁ దాను వెలుఁగుట, విఱిగిపోవుట, కనబడిన ప్రతి మాంసకృత్తునంటుకొనుట మొదలగు గుణములచేఁ బరీక్షలను మోసపుచ్చఁగలదు. 2017లో నెల్సన్ మొదలగు అమెరికా రసాయనజ్ఞులు అప్పటివఱకు జరిగిన పనినంతయు సమీక్షించి, నూటయిరువదికి మించిన మానవపరీక్షలలో, కఠినమైన నియమములతో జరిగి గెలిచినది యొక్కటియు లేదని వ్రాసిరి.

ఇట్టి పరీక్షల పట్టుదల పాశ్చాత్యుల యహంకారమని తోచువారు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము స్మరింపవలెను. 1895లో భీమవరమునఁ బుట్టి, అమెరికా చేరి, హార్వర్డునఁ బనిచేసి, 1940లో లెడర్లీ సంస్థలోఁ బ్రవేశించిన ఆ మహనీయుఁడు ఆకుకూరలలోను, కాలేయములోను ఉండు ఫోలికామ్లమునుగూర్చి సహచరులతోఁ గూడి పరిశోధించెను. అది రక్తవృద్ధికిఁ దోడ్పడు సహజాహారపదార్థము. దానిని రక్తకాన్సరు గల పిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుఁడు ఇచ్చి చూచెను. రోగము తగ్గుటకు మాఱుగా వేగముగా ముదిరెను! అప్పుడు దానికి విరోధులైన పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపెను. వానిలో నొకటి అమినోప్టెరిన్. 1948లో ఫార్బరు ప్రకటించిన ప్రకారము దానిని పుచ్చుకొన్న 16 మంది పిల్లలలోఁ బదిమందికి తాత్కాలికముగా గుణమిచ్చెను. దాని తమ్ముఁడైన మెథోట్రెక్సేట్ నేఁటికిని లోకమంతట కాన్సరుచికిత్సలో నిలిచియున్నది. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో మరణించిరి. మేలుచేయునని తలఁచిన ఆహారపదార్థము కీడుచేసెను. దాని విరోధి మేలుచేసెను. పరీక్ష లేకున్నచో ఈ రహస్యము నే తాతగారును చెప్పఁగలిగియుండరు. కాన్సరుచికిత్సకు బాట వేసినవారిలో మన తెలుఁగువాఁడుండుట గర్వకారణమైనచో, ఆయన నడచిన మార్గమును గూడ మనము గౌరవింపవలెను.

ఇఁక నివారణమాట. పసుపు చేయఁగలదో లేదో తేలకున్నను, నివారణకుఁ జేయఁదగిన పని స్పష్టముగాఁ గనబడుచునే యున్నది. మొదటిది పొగాకు. 1971లో పిండ్‌బోర్గ్ మొదలగువారు శ్రీకాకుళముజిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, చుట్టను నిప్పువైపు నోటఁబెట్టుకొని అడ్డపొగ త్రాగు నలవాటు అంగిలికిఁ జేయు హానిని లోకమునకుఁ జూపిరి. ఆ యలవాటు గలవారిలో స్త్రీలే హెచ్చు. దక్షిణపు జిల్లాలలో చుట్ట, సిగరెట్టు, నమలు పొగాకు, గుట్కా ఇదే పని చేయుచున్నవి. పొగాకు బోర్డు 1976లో నేర్పడి గుంటూరునందే కేంద్రకార్యాలయము గలిగియున్నది. ఈ పంట పలువురు రైతుల జీవనాధారమను మాట నిజమే. రైతును నిందించుట అన్యాయము. అతనికిఁ బ్రత్యామ్నాయమైన పంటను, దానికి నిలుకడైన ధరను చూపుట ప్రభుత్వముల కర్తవ్యము. కాని తినువాఁడును త్రాగువాఁడును మానుట కెవరి యుత్తరువును అక్కఱలేదు.

రెండవది మన మిరపకళ్లము. మిరపకాయ తనంతట విషము కాదు. ఎండఁబోసిన కాయ మంచునకో, అకాలవర్షమునకో తడిసి బూజుపట్టినప్పుడు ఆ బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయకాన్సరుకు నిశ్చితమైన కారణమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ నిర్ణయించినది. మట్టినేలపైఁ గాక పరదాలమీఁద నెండఁబోయుట, సాయంకాలము కప్పుట, చక్కగా నెండినపిమ్మటనే బస్తాల కెక్కించుట, బూజుకాయ నేఱివేయుట, ఈ నాలుగు పనులు ఏ మాత్రకంటెను గొప్ప నివారణలు. బూజుకాయను పొడికొట్టించి పేదవాని కమ్ముట వర్తకము గాదు.

మూఁడవది కల్తీ. 2003లో ఐరోపాదేశములవారు భారతదేశపు కారపుపొడిలో సూడాన్ అను కృత్రిమవర్ణమును కనుఁగొని కఠిననిబంధనలు విధించిరి. 2005లో ఇంగ్లండున నట్టి కారము కలసిన వందలకొలఁది తినుబండములను అంగళ్లనుండి తొలఁగింపవలసివచ్చెను. పసుపునకును ఈ పీడ కలదు. మెటానిల్ యెల్లో యను రంగును, సీసపు క్రోమేటును దానిలోఁ గలుపు దుర్మార్గులున్నారు. ఈ సీసము పిల్లల మెదడును చెఱచునని బంగ్లాదేశములో జరిగిన పరిశోధనలవలన లోకమునకు విదితమైనది. ఆరోగ్యమునకని పాలలోఁ గలుపుకొను పసుపే విషమగుటకంటె విచారకరమేమున్నది? సాధ్యమైనవారు కొమ్ములు కొని యింట దంచుకొనుట మేలు.

కాన్సరు వచ్చిన తరువాతి మాట మఱింత జాగ్రత్తతోఁ జెప్పవలెను. బుగ్గలోపలఁ దెల్లనిమచ్చయో యెఱ్ఱనిమచ్చయో కనబడి, లేక పుండుపడి రెండు మూఁడువారములలో మానకున్నచో అది పసుపు పూసి కనిపెట్టుకొని యుండు సమయము గాదు. తొలిదశలోఁ గోసివేసినచో నయమగు పుండు, ఆఱునెలలు దాఁచుకొన్నచో మెడ గ్రంథులకుఁ బ్రాకును. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోఁ గాన్సరుకుఁ బ్రత్యేకవిభాగము కలదు. అచ్చటికిఁ బోవుటకు సిగ్గుపడ నక్కఱలేదు. బలమునకని గాఢమైన పసుపుమాత్రలు మ్రింగుట సర్వదా నిరపాయము గాదు. అట్టి మాత్రలవలనఁ గాలేయము వాచిన రోగులనుగూర్చి అమెరికా వైద్యులు 2022లో వ్రాసియున్నారు. చికిత్స పొందువారు తాము పుచ్చుకొను ప్రతి మాత్రను, కషాయమును వైద్యునికిఁ జెప్పవలెను. వైద్యులును ఆ మాట విని పరిహసింపక, ఓపికతో సందేహము తీర్పవలెను. పరిహాసమునకు భయపడిన రోగి నిజము దాఁచును.

ఈ విమర్శ పసుపును వంటయింటినుండి వెడలఁగొట్టుటకుఁ గాదు. పప్పులో, పులుసులో, ఊరగాయలో దాని స్థానము చెక్కుచెదరదు. కూరగాయలు, పప్పులు, పసుపు గల మన పాతభోజనము ఆరోగ్యమునకుఁ దోడ్పడునదే. హైదరాబాదు పరిశోధనవంటివి పెద్దయెత్తున, దీర్ఘకాలము జరుగవలసియున్నవి. 2025లో నిజామాబాదున జాతీయ పసుపుబోర్డు ప్రారంభమైనది. ఎగుమతులకును ధరలకును తోడు, ఇట్టి నిష్కపటమైన పరీక్షలకును ఆ బోర్డువంటివి ధనసహాయము చేసినచో రైతునకు మేలు, రోగికి మేలు. ఫలితము మన యాశకు విరుద్ధముగా వచ్చినను దానిని ప్రకటించు ధైర్య ముండవలెను.

చదువరులారా, మన యిండ్లలో నెవరికేని యీ రోగము వచ్చినప్పుడు నలుగురు నాలుగుమందులు చెప్పుదురు. ప్రేమతోనే చెప్పుదురు. అప్పుడు మనమడుగవలసిన ప్రశ్న యొకటియే: ఇది యెవరికిచ్చి చూచిరి, ఎందఱికి మేలయ్యెను, ఇయ్యనివారి కేమయ్యెను? ఈ ప్రశ్న కుత్తరము లేని మందునకై, ఉత్తరము గల చికిత్సను ఒక్కదినమైనను వాయిదావేయరాదు. పసుపు నీళ్లు త్రాగించుచునే రోగిని ఆసుపత్రికిఁ దీసికొనిపోవచ్చును. త్రాగించి యింట నుంచుటయే తప్పు.